స్థిరత్వం గారికి, దత్తమండలం నుంచి విన్నపం

మహారాజశ్రీ స్థిరత్వం గారి సముఖానికి, కడప జిల్లా వాసి నమస్కరించి రాసుకునేది ఏమనగా,

ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం వేరే అడగాల్సిన పని లేదు. ఎవరు గద్దె దిగినా, ఎవరు ఎక్కినా తమరికి లోటు రాదని ఎరుగుదును.

తమరితో మాకు చుట్టరికం పాతదే. 1800లో హైదరాబాదు నిజాం తమరిని ఇంట్లో పెట్టుకోవాలని ముచ్చటపడ్డాడు. తమరు ఒంటరిగా రారు గదా, వెంట ఈస్టిండియా కుంపిణీ పటాలం వస్తుంది. పటాలానికి జీతబత్యాలు కావాలి. ఆయన రొక్కానికి బదులు మా సీమను రాసిచ్చేశాడు. అట్లా మేము దత్తమండలాలమయ్యాం. తమరి పెళ్లికి కట్నంగా పోయినోళ్లం. ఆ పేరు మింగుడుపడక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నాం. అట్లాగని తమరి మీద గుడ్డి పగేమీ లేదు. కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాండ్లను అణిచి, శిస్తును ఒక దారికి తెస్తే, మావాళ్లు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. కొడవళ్ల చప్పుడు లేని రాత్రి విలువేందో సీమవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

సరే, అసలు సంగతికొస్తా. తమరిని ఒకసారి వెలేశారు, గుర్తుందా?

2003 నవంబర్ 6న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు చిన్న బుష్ లేచి నిలబడ్డాడు. మధ్యప్రాచ్యంలో జనానికి స్వేచ్ఛ లేకపోయినా పడమటి దేశాలు అరవై ఏండ్లు సర్దుకుపోయాయి, దానివల్ల ఒరిగిందేమీ లేదు, స్వేచ్ఛను పణంగా పెట్టి స్థిరత్వాన్ని కొనలేం అన్నాడు. ఆ అరవై ఏండ్లలో వాళ్ల నాయన పెద్ద బుష్ ఏలిన నాలుగేండ్లూ ఉన్నాయి. 1991లో మీ నియంత సద్దామును మీరే దించుకోండని ఇరాకీలకు చెప్పి, వాళ్లు నిజంగానే తిరగబడితే, పక్కనే సైన్యం పెట్టుకుని కూడా ఊరుకున్నది ఆ నాయనే. అదే ఏడాది ఆగస్టు 1న కీవ్ పోయి, ఆత్మహత్యలాంటి జాతీయవాదం వద్దని, అప్పటికి సోవియట్ యూనియన్‌లో ఉన్న ఉక్రెయిన్‌వాళ్లకు బుద్ధి చెప్పాడు. నెల తిరక్కుండా వాళ్లు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. మా సీమలో కొడుకు తండ్రి పగ తీర్చుకుంటాడు గానీ తండ్రి తప్పు ఒప్పుకోడు. ఆ లెక్కన చిన్నాయన ఘనుడే. నాయన పేరెత్తకుండానే ఒప్పుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

2005 జూన్‌లో చిన్న బుష్ విదేశాంగ మంత్రి కండోలీజా రైస్ ఈజిప్టు రాజధాని కైరో వెళ్లి అదే పాట పాడింది. ప్రజాస్వామ్యాన్ని పక్కనబెట్టి స్థిరత్వం కోసం పాకులాడాం, రెండూ దక్కలేదు అంది. ఆ మాట విన్న ఈజిప్టు దేశం, సామీ, అచ్చం మా జేజి వాళ్ల ఊరే.

ఆ ఊరి సర్పంచి ఎన్నిక ఎప్పుడూ ఏకగ్రీవమే. ఒక్కటంటే ఒక్క నామినేషన్. ఒకసారి ఎవరో పిల్లోడు రెండోది వేశాడు. గడువు తేదీ సాయంత్రానికి వాడే ఉపసంహరించుకున్నాడు, మరుసటి వారం బెంగళూరులో కూలికి పోయినాడు. ఆఫీసరు జీపులో వచ్చి, ఒక చెట్టు కింద మజ్జిగ తాగి, 'ప్రశాంతం' అని రాసుకుని పోయినాడు. మా జేజి అనేది: "వాకిండ్లన్నీ ఏసుకుంటే సద్దు యాడుంటాది నాయనా?" ఏకగ్రీవానికి సర్కారు ప్రోత్సాహకం కూడా ఉంది. 2021లో రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు ప్రకటించారు.

ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గారిదీ ఏకగ్రీవమే. 1981 నుంచి 1999 దాకా నాలుగుసార్లు ఒకే పేరు పెట్టి, అవునా కాదా అని జనాన్ని అడిగారు. జనం అవునన్నారు, ఇంకేమంటారు! ప్రోత్సాహకం అమెరికా నుంచి, సైన్యానికే ఏడాదికి 130 కోట్ల డాలర్లు. 2005లో మొదటిసారి ఇంకొకరు పోటీ చేయనిచ్చారు. అయ్మన్ నూర్ అనే ఆయన రెండో స్థానంలో నిలిచాడు. డిసెంబరుకల్లా ఫోర్జరీ కేసులో ఐదేండ్ల జైలు. ఆయనకు బెంగళూరు కూడా దొరకలేదు.

అప్పుడు ప్రోత్సాహకం ఆగిందా? లేదు. పైగా ఆ ఏడాది చివర ఈజిప్టు పార్లమెంటు ఎన్నికల్లో, ముబారక్‌కు గిట్టని ఇస్లామిక్ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ వాళ్లు స్వతంత్రులుగా నిలబడి 88 సీట్లు గెలిచారు. 2006 జనవరిలో పాలస్తీనా ఎన్నికల్లో, అమెరికా ఉగ్రవాద సంస్థ అనే హమాస్ 132 సీట్లకు 74 తెచ్చుకుంది. జనం తమకు నచ్చినోళ్లకు ఓటేస్తారని వాషింగ్టన్‌కు అంతకుముందు తట్టినట్టు లేదు. స్వేచ్ఛ గొంతు తగ్గింది. తమరిని పెరటి వాకిలి గుండా లోపలికి పిలిచి, కాళ్లకు నీళ్లిచ్చారు.

ఇరాక్ సంగతి ఎత్తాలంటే నాకే సిగ్గు. అక్కడికి 2003లో స్వేచ్ఛ అమెరికా ట్యాంకులెక్కి పోయింది. మొదట చెప్పింది సద్దాము దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్న కథ. అవి దొరకకపోయేసరికి స్వేచ్ఛ కథ పెద్దదైంది. ఎదుటి వర్గమోడు నాటుబాంబులేసి, 'మీకు విముక్తి ఇచ్చినా' అంటే ఊరు ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. ముందు మూసుకున్న వాకిండ్లు అట్లే ఉంటాయి, కప్పులు మాత్రం లేచిపోతాయి.

మనమేమన్నా తక్కువ తిన్నామా? 1988లో సైనిక పాలన మీద తిరగబడ్డ బర్మా విద్యార్థుల వైపు నిలబడిన ఢిల్లీ, అక్కడి ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీకి 1993 సంవత్సరపు నెహ్రూ అవార్డు ఇచ్చిన ఢిల్లీ, 2004లో ఆమె గృహనిర్బంధంలో ఉండగానే సైనిక పెద్ద తాన్ ష్వేకు ఎర్ర తివాచీ పరిచింది. అది కూడా తమరి మీది మోజుతోనే.

ఒక్కటే అడుగుతా, కోప్పడకండి. 1977 డిసెంబర్ 31 రాత్రి టెహ్రాన్ విందులో, మానవ హక్కులని ఊరేగిన అమెరికా అధ్యక్షుడు కార్టరే గ్లాసు ఎత్తి, అక్కడి రాజు షా ఏలుబడిలో ఇరాన్ స్థిరత్వ ద్వీపమన్నాడు. ఏడాదీ పదహారు రోజులకు షా విమానమెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి తమరు నిజంగా ఆ ఊళ్లో ఉన్నారా, లేక జీపులో వచ్చినాయన రాసుకున్నాడా?

జవాబు రాస్తే కడప చిరునామాకే పంపండి. తమరి చిరునామా నాకు ఎవరూ ఇవ్వలేదు. వెలేశామన్నోళ్ల ఇంటికే పోస్టు చేస్తున్నా, చేరుతుంది.

ఇట్లు,
తమరి పాత కట్నం బాపతు