పెట్టె చేరింది సరే, మీటరు పెట్టి చూశారా?

2023 జనవరి 12న పశ్చిమ ఆస్ట్రేలియాలోని గుదాయ్-దర్రి గని నుంచి లారీలో బయలుదేరిన గేజ్ (రేడియేషన్‌తో ఖనిజం సాంద్రత కొలిచే పరికరం) 16న పెర్త్ చేరింది. 25న పెట్టె విప్పితే గేజ్ ఊడిపోయి ఉంది, అందులోని రేడియోధార్మిక సీసియం-137 గుళిక లేదు. గుళిక 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వ్యాసం, రేడియోధార్మికత 19 గిగాబెక్వెరెళ్లు. దానికోసం 1,400 కిలోమీటర్ల దారి గాలించారు. ఫిబ్రవరి 1న న్యూమన్ దగ్గర రోడ్డు పక్కన దొరికింది. పెట్టె చేరిన రోజే బయట రేడియేషన్ కొలిచే మీటరు పెట్టి, బయలుదేరినప్పటి రీడింగుతో పోల్చి ఉంటే తొమ్మిది రోజులు దక్కేవి.

మన దగ్గర పైపులైన్లు, బాయిలర్ల వెల్డింగ్ పరీక్షకు తిరిగే ఇరీడియం-192 కెమెరాలకూ (కవచం లోపల రేడియోధార్మిక సోర్సు ఉండే పరికరాలకూ) ఇదే వర్తిస్తుంది. కన్సైనర్ డిక్లరేషన్ (పంపేవారి ప్రకటన), డ్రైవరు చేతిలో ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే కాగితం), పెట్టెకు ఎదురెదురు వైపులా లేబుళ్లు ఉంటాయి. వీటన్నిటికీ ప్రాణం ఒక అంకె, ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్. పెట్టెకు ఒక మీటరు దూరంలో, అన్ని వైపులా కొలిచి, అత్యధిక రీడింగును గంటకు మిల్లీసీవర్టుల్లో (రేడియేషన్ మోతాదు కొలమానం) తీసుకుని 100తో గుణించాలి. గంటకు 0.0113 వస్తే 1.13, దాన్ని 1.2గా పైకే సవరించాలి, 1.1 అని రాయకూడదు. లేబుళ్లకు రేడియేషన్‌ను బట్టి తెలుపు, రెండో పసుపు, మూడో పసుపు అని తరగతులుంటాయి. పెట్టె ఉపరితలం మీద గంటకు 0.4 మిల్లీసీవర్టులు ఉంటే చాలామంది రెండో పసుపు లేబుల్ అంటించేస్తారు. ఇండెక్స్ 1 దాటింది కాబట్టి అది మూడో పసుపు. రెండు కొలతల్లో ఏది పై తరగతి చెబితే అదే లెక్క.

కిందటిసారి డిక్లరేషన్‌ను జిరాక్స్ తీసి తేదీ మార్చడం మరో పెద్ద తప్పు. ఇరీడియం దాదాపు 74 రోజులకు సగమవుతుంది. 40 క్యూరీల (రేడియోధార్మికతకు పాత కొలమానం) సోర్సు అప్పటికి 20కి దిగుతుంది, అంటే 0.74 టెరాబెక్వెరెళ్లు. పాత అంకె వేస్తే చేరిన చోట పోల్చడానికి ఆధారమే ఉండదు. సోర్సు తీసేసిన కెమెరాను 'ఖాళీ' అని పంపడమూ సరికాదు. దాని కవచం డిప్లీటెడ్ యురేనియమైతే (శుద్ధి తర్వాత మిగిలే యురేనియం) అదీ రేడియోధార్మిక పదార్థమే, దానికీ కాగితం కావాలి.

నా అభిప్రాయంలో అసలు లోటు అందుకునే చివర ఉంది. అక్కడ సంతకం, స్టాంపు పడతాయి, కొలత పడదు. రీడింగు తక్కువొస్తే హమ్మయ్య అనుకుంటారు. నిజానికి భయపడాల్సింది అప్పుడే: సోర్సు దారిలో జారిపోయి ఉండొచ్చు. రసీదులో మీటరు దూరపు రీడింగు, కొలిచిన గంట, సర్వే మీటరు నంబరు రాసే గడి ఉండాలి. ఆ గడి నిండకుండా లారీని వదలకూడదు.