సొరపువ్వు తెల్లారేదాకా ఆగదు

రెండేళ్ల కిందట మా మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మధ్యాహ్నం పూట ఒక ఫొటో పెట్టారు. సొరతీగకు ఆడపూల మొగ్గ వచ్చింది, ఇంతకు ముందు పిందెలన్నీ పచ్చబడి రాలిపోయాయి, ఈసారైనా నిలవాలంటే ఏం చేయాలి అని అడిగారు. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. రాత్రి పురుగులు వాలితేనే పిందె నిలుస్తుంది. మేడ మీదికి అవి సరిగా రాకపోతే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మీద మనమే అద్దాలి. అదీ ఆ సాయంత్రమే. ఈ సంగతి తెలిసినవాళ్లు గ్రూపులో చాలామందే ఉన్నారు. కానీ ఫొటో కిందే ఎవరో ఒక రాజకీయ వీడియో పెట్టారు. వాదన రాత్రి పదింటిదాకా సాగింది. ఆవిడకు జవాబు మర్నాడు పొద్దున వచ్చింది. అప్పటికే పువ్వు వాడిపోయింది.

'అక్కర్లేని మెసేజ్‌లు చూడకపోతే సరి' అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. చూడకుండా వదిలేసేవాళ్లు ఆ ప్రశ్నను కూడా వదిలేస్తున్నారు. 2022లో వాట్సాప్ గ్రూపు పరిమితిని 1024 మందికి పెంచాక, పొద్దున్నే వచ్చే శుభోదయాల కిందే సగం ప్రశ్నలు మునిగిపోతున్నాయి.

విసిగిపోయిన అడ్మిన్లు గ్రూపుకు తాళం వేసేస్తున్నారు. అడ్మిన్లు మాత్రమే రాసే సెట్టింగ్ 2018 నుంచీ ఉంది. నాకది అస్సలు నచ్చదు. పిండినల్లి పట్టిన మందార కొమ్మను చూపించి అడిగే వీలు లేకపోతే ఆ గ్రూపులో ఉండి ఏం లాభం? కేసుల భయంతో తాళం వేశామనేవాళ్లూ ఉన్నారు. కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల పోస్టులకు బాధ్యులు కారని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది.

అలాగని కబుర్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పోయిన ఎండాకాలం మా గ్రూపులో ఒక పెద్దాయన ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరుతున్నానని రాశారు. రూల్ ప్రకారం చూస్తే అది మొక్కల కబురు కాదు. అది చదివే అదే కాలనీలో ఉన్న ఇద్దరు ఆయన మేడెక్కి పది రోజులు కుండీలకు నీళ్లు పోశారు. మనవరాలి పుట్టినరోజు, మోకాళ్ల నొప్పులు, కొత్తావకాయ... ఈ మాటలతోనే ఆ చనువు వచ్చింది. ముఖం చూడని మనిషికి విత్తనాలు కొరియర్ చేసేదీ ఆ చనువుతోనే.

అందుకే కబుర్లకు వేరే గ్రూపు పెట్టుకున్నాం. పేరు 'అరుగు'. పెట్టడం తేలికే, జనాన్ని అటు నడిపించడమే కష్టమైంది. మొదట్లో ఒక అడ్మిన్ అందరి ముందూ 'ఇలాంటివి ఇక్కడ పెట్టకండి' అని రాశారు. ఒక రిటైర్డ్ టీచరమ్మ మనసు కష్టపెట్టుకుని వెళ్లిపోయారు. ఆవిడ దాచిన నాటు విత్తనాలు, నలభై ఏళ్ల అనుభవం ఆవిడతోనే వెళ్లిపోయాయి. ఎంత బతిమాలినా తిరిగి రాలేదు. ఇప్పుడైతే విడిగా మెసేజ్ పెడతాం: 'అమ్మా, ఈ ఫొటో అరుగులో పెట్టండి, అందరం చూస్తాం.' రాజకీయ ఫార్వర్డులకు మాత్రం రెండు చోట్లా చోటు లేదు, ఏ పార్టీదైనా వెంటనే తీసేస్తాం.

ఇంకో పని కూడా పెట్టుకున్నాం. రోజూ నాలుగింటికి అడ్మిన్లలో ఒకరు పొద్దుటి నుంచి వచ్చినవన్నీ చూసి, జవాబు రాని ఫొటోలను మళ్లీ పైకి తెస్తారు. సొరపూలు విచ్చుకునేలోపే.