ఎడమచేతికి పాట ఇస్తేనే పదును

నెల్లూరు, ఒంగోలు చర్చిల్లోనో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనో కీబోర్డు వాయించే కుర్రాళ్ళ ఎడమచేతిని కాస్త గమనించండి. కార్డ్ (ఒకేసారి కలిపి నొక్కే కొన్ని స్వరాలు) పట్టుకుని అలాగే ఉండిపోతుంది. బేసూ రిథమూ కీబోర్డులో దానంతటదే మోగే ఆటో స్టైలే చూసుకుంటుంది. కుడిచేయి మాత్రం పల్లవి, చరణం, మధ్యలో బిట్లు అన్నీ దంచేస్తుంది. వీళ్ళలో కొందరు తర్వాత లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ళ పియానో గ్రేడ్ పరీక్షలకు కూర్చుంటారు. చిక్కు అక్కడ బయటపడుతుంది: పియానోకి ఆటో స్టైల్ ఉండదు, ఎడమచేయి తన పని తనే చేయాలి.

"కుడిచేతివాటం వాళ్ళకి ఎడమచేయి అంతే" అని మాస్టార్లే అంటుంటారు. నాకది సాకుగానే కనిపిస్తుంది. వీణ మీద గమకం పలికించేది ఏ చేయి? వయొలిన్ మీద స్వరస్థానం పట్టేది? కుడిచేతివాటం పిల్లలే ఆ పని ఎడమచేత్తో చేస్తున్నారు, రాగం బాధ్యత అక్కడ దానిదే కాబట్టి. పియానో దగ్గరకొచ్చేసరికి అదే చేతికి వెనకాల చాకిరీ అప్పగిస్తాం.

రోజూ హానన్ ఎక్సర్‌సైజులు (పియానోకి వేళ్ళ కసరత్తులు) రుద్దిస్తే చాలని మరికొందరి నమ్మకం. వేళ్ళు సాగడానికి అవి పనికొస్తాయి, కాదనను. కానీ వాటిలో రెండు చేతులూ ఒకే స్వరాలు వాయిస్తాయి. ఎడమచేతి తప్పు కుడిచేతి చప్పుడు చాటున దాక్కుంటుంది.

రాగమే ఎడమచేతిలో ఉంటే ఆ చాటు దొరకదు. జర్మన్ స్వరకర్త షూమన్ 1848లో పిల్లల కోసం రాసిన పియానో ఆల్బమ్‌లో 'హ్యాపీ ఫార్మర్' అలాంటిదే. పని ముగించుకుని ఇంటికొస్తున్న రైతు పాట అది. పెన్నా డెల్టా పిల్లలకు ఆ బొమ్మ వేరే గీసి చూపించక్కర్లేదు. పాట ఎడమచేతిది, కుడిచేయి మధ్యమధ్యలో తేలిగ్గా కార్డులు వేయాలి. ఆ తేలిగ్గా వేయడమే కష్టం. మధ్యలో కొన్ని బార్లు (తాళం లెక్కలో చిన్న గళ్ళు) కుడిచేయి కూడా అదే రాగం అందుకుంటుంది. అక్కడ ఎడమచేయి ఇంకా వినబడుతోందా? మాస్టారు చెవి పెట్టాల్సిన చోటు అది.

బర్గ్‌ముల్లర్ పియానో అభ్యాసాల్లోని 'అరబెస్క్'లో ఇంకో పాఠం ఉంది. వేగంగా సాగే చిన్న గమనం ముందు కుడిచేతికి, తర్వాత ఎడమచేతికి వస్తుంది. పైకెక్కే స్వరాలు కుడిచేతిలో బొటనవేలి వైపు నుంచి మొదలైతే, ఎడమచేతిలో చిటికెన, ఉంగరపు వేళ్ళ నుంచి మొదలవుతాయి. పిల్లలు కుడిచేతి ధీమాతో వేగం ఎత్తుకుని, ఎడమచేతి దగ్గర బోర్లా పడతారు. ఎడమచేతి భాగం ఎంత వేగంలో శుభ్రంగా పలుకుతుందో చూసుకుని, ఆ వేగంతోనే మొదటి బారు ఎత్తుకోవాలి.

వీటి తర్వాత బాక్ రెండు గొంతుల ఇన్వెన్షన్లు, అంటే ఒక్కో చేతికి ఒక్కో రాగం నడిచే చిన్న రచనలు. అక్కడ రెండు చేతులకూ సమాన హోదా. ఆపైన షోపాన్ బి మైనర్ ప్రెల్యూడ్ (చిన్న పియానో రచన), ఓపస్ 28లో ఆరోది. వేగం ఏమీ లేదు, ఎడమచేయి చెల్లో (మంద్రంగా పలికే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) లాగా పాడాలి, అంతే. యూట్యూబ్‌లో ఎడమచేయి పరుగులు పెట్టే షోపాన్ 'రెవల్యూషనరీ' ఎట్యూడ్ చూసి నేరుగా దానికే ఎగబడేవాళ్ళకు ఇదేదో తీసికట్టుగా అనిపిస్తుంది. తొందరపాటుకు మూల్యం ఉంటుంది: అతిసాధనతో కుడిచేయి దెబ్బతిన్న రష్యన్ పియానిస్టు, స్వరకర్త స్క్రియాబిన్ 1894లో ఒక్క ఎడమచేతికే ప్రెల్యూడ్, నాక్టర్న్ రాసుకున్నాడు. బేసూ, తోడు స్వరాలూ, పాటా అన్నీ ఆ ఒక్క చేతిలోనే ఇమిడాయి.

మన దగ్గర చాలా ఇళ్ళలో ఉండేది 61 కీల కీబోర్డే. మొదలుపెట్టడానికి చాలు, టచ్ రెస్పాన్స్ (నొక్కే బలాన్ని బట్టి శబ్దం పెరిగి తగ్గే ఏర్పాటు) ఉంటే. అది లేకపోతే రాగాన్ని గట్టిగా, కార్డుని మెత్తగా పలికించే వీలే లేదు. చర్చి కుర్రాళ్ళైతే ఆరాధనలో ఒక్క పాటకైనా స్టైల్ ఆపేసి, బేస్ లైన్ సొంత చేత్తో వాయించి చూడాలి. మొదట్లో పాట బోసిగా ఉంటుంది, పాస్టరుగారు ఒకసారి తిరిగి చూస్తారు కూడా.