సర్వర్ విశాఖలో ఉంటే చాలదు

2025 అక్టోబర్‌లో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ఖరారైనప్పటి నుంచి వాట్సాప్‌లో ఒక మాట తెగ తిరుగుతోంది: "ఇక మన డేటా మన గడ్డ మీదే. డిజిటల్ స్వాతంత్ర్యం వచ్చేసినట్టే!" మా బంధువుల గ్రూపులోనే నాలుగుసార్లు చూశాను. పెట్టుబడి రావడం మీద నాకు పేచీ లేదు. పేచీ ఆ రెండో వాక్యంతోనే.

"మన గడ్డ మీదుంటే పరాయివాళ్లు ముట్టుకోలేరు" అంటున్నారు. ఐర్లాండ్‌లోని డబ్లిన్ సర్వర్‌లో ఉన్న మెయిళ్లు ఇమ్మంటే మైక్రోసాఫ్ట్ అమెరికా ప్రభుత్వంతో సుప్రీంకోర్టు దాకా కొట్లాడింది. తీర్పు రాకముందే, 2018 మార్చిలో, అమెరికా క్లౌడ్ చట్టం తెచ్చేసింది. అక్కడి కంపెనీ అదుపులో ఉన్న డేటా ఏ దేశంలో దాచినా, వారంటు వస్తే ఇవ్వాల్సిందే. డబ్లిన్‌కు లేని మినహాయింపు విశాఖకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మనలాంటి పెద్ద మార్కెట్‌కు సేవలు ఆపే ధైర్యం ఎవరికుంది?" గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీని అడగండి. అందులో రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉంది. 2025 జూలైలో నయారాపై ఆంక్షలు పెట్టింది యూరోపియన్ యూనియన్, మనం కాదు. అయినా ఇక్కడి ఉద్యోగుల అవుట్‌లుక్, టీమ్స్ సేవలను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. డబ్బు కట్టిన లైసెన్సులేనని నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. కొద్ది రోజులకు సేవలు తిరిగొచ్చాయి. రిఫైనరీ ఉన్నచోటే ఉంది. మీట మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంది.

"యూపీఐ మనదే కదా!" పట్టాలు మనవే, అదేం చిన్న సంగతి కాదు, చాలా దేశాలకు అదీ లేదు. కానీ దాదాపు 80 శాతం లావాదేవీలు ఫోన్‌పే, గూగుల్ పే మీదుగానే సాగుతున్నాయి. ఫోన్‌పేలో పెద్ద వాటా వాల్‌మార్ట్‌ది. ఏ యాప్ వాటా కూడా 30 శాతం మించకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది. ఆ గడువు జరిగి జరిగి 2026 చివరికి చేరింది.

డేటా ఎక్కడుందన్నది అసలు లెక్కలోకే రాదనను. చెల్లింపుల డేటా ఇక్కడే ఉంచాలని 2018లో ఆదేశించిన ఆర్‌బీఐ, పాటించలేదని 2021లో మాస్టర్‌కార్డ్‌ను కొత్త కస్టమర్లను చేర్చుకోనివ్వలేదు. దారికొచ్చాకే, 2022 జూన్‌లో, ఆంక్ష ఎత్తేసింది. అంత గట్టిగా నిలబడే నియంత్రణ సంస్థ మిగతా రంగాల్లో ఏదీ?

చివరగా "ఇక్కడుంటే మనం సేఫ్" అన్న మాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. 2023 డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ చూడండి: దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఏ ప్రభుత్వ సంస్థనైనా కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో ఆ చట్టం నుంచి తప్పించవచ్చు.