డ్రైవరుతో మాట్లాడరాదు, లైకు కొట్టవచ్చు

ఒడిశాలో ఉన్న మా జయపురంలో పైలట్లకి కొదవ లేదు. 108 అంబులెన్సు తోలే మా వీధి కుర్రాడు పైలట్. కొత్తవలస కిరండూల్ లైన్లో ఇనుపరాయి గూడ్సు నడిపే పక్కింటాయన లోకో పైలట్. మంత్రిగారు కొరాపుట్ వస్తే ముందర కుయ్యోమంటూ పోయే జీపు కూడా పైలటే. ఇవి చాలక వైజాగ్ వెళ్తే బైకు మీద రైల్వేస్టేషన్లో దింపే పిల్లాడు ఏకంగా కెప్టెన్. ఇంతమంది పైలట్ల మధ్య బతుకుతున్నవాణ్ని, పైగా పాతికేళ్లుగా బీమా ఏజెంటుని, అంటే ఎవరు ఎప్పుడు ఎలా పోతారా అని ఆలోచించడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ని కాబట్టి విమానం పైలట్ల రీల్స్ గురించి నాలుగు ముక్కలు రాయడానికి నాకు పూర్తి అర్హత ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఇది రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే మా బామ్మర్ది కొడుకు పైలట్ అవుతానన్నాడు. మంచిదే కదా, అందరం సంతోషించాం, మా బామ్మర్ది బొరిగుమ్మ రోడ్డులో ఉన్న ఎకరం పొలానికి బేరం కూడా పెట్టేశాడు, ఎందుకంటే ఆ చదువు లక్షల్లో పది ఇరవైతో తేలేది కాదు, అరకోటి పైమాటే. వాణ్ని కూర్చోబెట్టి, ఒరే నాన్నా, దీనికేం చదవాలో తెలుసా, ఇంటర్లో ఫిజిక్సు మ్యాథ్సు ఉండాలి, మెడికల్ పాసవ్వాలి, కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగిరి లాగ్‌బుక్కు నింపాలి అని చెప్పాను. వాడు 200 గంటల దగ్గర ఆగిపోయాడు. కళ్లు మెరిశాయి. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి, మావయ్యా, రీలు అర నిమిషం అనుకో, మొత్తం 24 వేల రీల్స్ వస్తాయి అన్నాడు. లైసెన్సు రాకముందే కంటెంట్ వచ్చేస్తోంది. మర్నాడే మొదటి పరికరం ఆర్డర్ పెట్టాడు. పుస్తకం అనుకుంటున్నారేమో, ఫోన్ ఊగకుండా పట్టుకునే కర్ర.

నేనేమీ పైలట్ల రీల్స్‌కి వ్యతిరేకిని కాను, ఇది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే వాడి ఫ్రెండ్సంతా నన్ను బూమర్, అంటే పాతకాలం మనిషి అంటారు. వాటి వల్ల నేను చాలా నేర్చుకున్నాను. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయనీ, నాలుగూ తెల్లగా కనిపిస్తే మరీ ఎత్తులో ఉన్నట్టనీ, నాలుగూ ఎర్రగా కనిపిస్తే మరీ కిందికొచ్చేసినట్టనీ, రెండు తెలుపు రెండు ఎరుపు అయితే సరిగ్గా ఉన్నట్టనీ నాకు ఏ బడిలోనూ చెప్పలేదు, హోటల్ రూంలో కూచుని తీరిగ్గా వీడియో చేసిన ఒక పైలటమ్మ చెప్పింది. దిగబోయిన విమానం మళ్లీ పైకి లేచిందంటే పైలటుకి చేతకాక కాదు, దిగకపోవడమే మేలని తెలిసి లేపాడని కూడా ఆవిడే చెప్పింది. ఇంతకుముందు గాల్లో కాస్త కుదుపొస్తే మజ్జిగౌరమ్మకి మొక్కేవాణ్ని, ఇప్పుడు పక్క సీటాయనకి కారణాలు వివరిస్తున్నాను. ఆయన మాత్రం మొక్కుతూనే ఉంటాడు.

నాకు అర్థం కానిది ఒక్క తలుపు సంగతే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పెద్ద విమానాల్లో పైలట్ల గది తలుపుని తూటాకి కూడా లొంగకుండా చేసి, లోపల్నించి తాళం పెట్టే ఏర్పాటు చేశారు. గర్భగుడికైనా హారతి టైముకి తెర తీస్తారు, దీనికి అదీ లేదు. సరే, మన క్షేమానికే. కానీ డబ్బులు పోసి టికెట్ కొనుక్కుని లోపల కూచున్న 180 మందికి మూసేసిన తలుపు, బయట మంచం మీద పడుకుని ఫోన్ చూసే నాలుగు లక్షల మందికి బార్లా తెరిచి ఉండటం ఏమిటి? నా ప్రాణం ఎవరి చేతిలో ఉందో, ఆయన గడ్డం గీసుకున్నాడో లేదో, కాఫీలో చక్కెర వేసుకుంటాడో లేదో గుణుపురంలో ఉన్న మా మేనకోడలికి తెలుసు. ఆయన వెనక పది అడుగుల్లో బెల్టు కట్టుకుని కూచున్న నాకు తెలీదు.

కాఫీ అంటే గుర్తొచ్చింది. 2023 హోలీ రోజుల్లో మన దేశంలోనే ఇద్దరు పైలట్లు ఎగురుతున్న విమానంలో మధ్యన మీటలూ లివర్లూ ఉండే బల్ల మీద కాఫీ కప్పు పెట్టుకుని, గుజియాలు తింటూ దిగిన ఫొటో బయటికొచ్చి, వాళ్లని డ్యూటీలోంచి తప్పించారు. నాకు జాలేసింది. మా సుంకి ఘాట్ ఎక్కే జీపుల్లో డాష్‌బోర్డు మీద అమ్మవారు, నిమ్మకాయలు, అగరబత్తి స్టాండు, సగం తాగిన టీ గ్లాసు, చిల్లర డబ్బా, ఒక్కోసారి డ్రైవరు గారి చిన్నబ్బాయి కూడా ఉంటాడు. ఎవడైనా ఫొటో తీశాడా?

పాత ఆర్టీసీ బస్సుల్లో అద్దం పైన రాసుండేది గుర్తుందా, బస్సు నడుచునపుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని. ఆ ముక్కే విమానాల వాళ్లు ఇంగ్లీషులో స్టెరైల్ కాక్‌పిట్ అన్నారు. పదివేల అడుగుల కింద ఉన్నంతసేపూ, అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, పైలట్లు పనికి సంబంధించిన మాట తప్ప వేరే మాట ఆడకూడదు. అమెరికాలో 1981లో పెట్టారు ఈ రూలు. ఊరికే పెట్టలేదు, 1974లో షార్లెట్ దగ్గర ఒక విమానం దిగబోతూ కూలింది, ఆ కాసేపట్లో పైలట్లు రాజకీయాల దగ్గర్నించి పాత కార్ల దాకా మాట్లాడుకున్నట్టు రికార్డరులో వినపడింది. మన బస్సులవాళ్లకి మాత్రం ఆ రికార్డర్లూ అవీ కొనాల్సిన పనే లేకపోయింది, ఎర్ర రంగు డబ్బా, కుంచె, కాస్త అక్షరజ్ఞానం ఉన్న పెయింటరు ఉంటే సరిపోయింది. అయితే పెయింటరు ఫాలోవర్లతో మాట్లాడరాదు అని రాయలేదు. ఆ సందులోంచే ఇవాళ రీల్స్ అన్నీ దూరుతున్నాయి.

అసలు ఫోన్లు ఇంత ముదరకముందే ఒకటి జరిగింది. 2009 అక్టోబరులో అమెరికాలో మినియాపొలిస్‌లో దిగాల్సిన విమానం ఆ ఊరు దాటి ఇంకో 150 మైళ్లు పోయింది. పైలట్లిద్దరూ నిద్రపోలేదు, తాగలేదు, ల్యాప్‌టాపులు తెరుచుకుని డ్యూటీ చార్టులు చర్చించుకుంటున్నామని వాళ్లే చెప్పారు. గంటకి పైగా రేడియోలో కింద నుంచి పిలుస్తూనే ఉన్నారు. చివరికి ఎప్పుడు దిగుతున్నాం అని వెనకనించి ఎయిర్‌హోస్టెస్ అడిగితే గానీ చూసుకోలేదు. ఇది మన లెక్కలోకి మార్చి చెప్తా వినండి. సాలూరు నుంచి వచ్చే బస్సు జయపురంలో ఆగకుండా, జగదల్‌పూర్ కూడా దాటేసి, కాంకేర్ దరిదాపుల్లో ఉండగా కండక్టరు వెళ్లి, అన్నా, మనవాళ్లు దిగాలంట అనడం. తర్వాత 2014 నుంచి అక్కడ డ్యూటీలో ఉన్న పైలట్లు సొంత పనికి ఫోనూ ల్యాప్‌టాపూ ముట్టుకోకూడదని రూలే పెట్టేశారు.

దీని మీద మా బామ్మర్ది కొడుకు వాదన వేరు. మావయ్యా, ఆ కాలంలో ల్యాప్‌టాప్ కాబట్టి కిందకి చూడాల్సొచ్చింది, ఇప్పుడు కెమెరా అద్దానికే అతికించొచ్చు, చూపు ముందుకే ఉంటుంది అంటాడు. వాడు చెప్పేది నిజమే, చూపు ముందుకే ఉంటుంది, మనసే కామెంట్ల దగ్గర ఉంటుంది.

వాడికి ఆదర్శం ఎవరా అని కనుక్కుంటే నాకు గుండె ఆగినంత పనైంది. ట్రెవర్ జేకబ్ అని అమెరికా కుర్రాడు, ఒకప్పుడు ఒలింపిక్స్‌లో మంచు మీద జారినవాడు, 2021 నవంబరులో కాలిఫోర్నియా కొండల మీద తన చిన్న విమానం ఇంజను ఆగిపోయిందని చెప్పి పారాచూట్‌తో దూకేసి, ఆ దూకడం అంతా వీడియో తీసి పెట్టాడు. విమానానికి ముందే కెమెరాలు బిగించున్నాయి, వీపుకి పారాచూట్ ముందే ఉంది. తర్వాత తేలిందేమిటంటే ఆ వీడియో ఒక పర్సుల కంపెనీ స్పాన్సర్ చేసినదట. పర్సు, చూడండి! జేబులో పెట్టుకునే పర్సు అమ్మడానికి విమానాన్ని కొండకి కొట్టాడు. 2022లో లైసెన్సు పోయింది, శకలాలు హెలికాప్టరుతో ఎత్తించి ముక్కలు చేసి మాయం చేశాడని కేసు పడి 2023 డిసెంబరులో 6 నెలలు జైలు పడింది. మా సంతల్లో పర్సులమ్మేవాడు మహా అయితే పర్సుని రెండుసార్లు నేలకేసి కొట్టి చూపిస్తాడు, అసలు లెదరు బావూ అని.

ఇదంతా చెప్పి, చూశావా, జైలు అన్నాను. వ్యూస్ ఎంత మావయ్యా అన్నాడు.

సంతంటే మా అత్త గారి సంగతి చెప్పాలి. ఆవిడ కుందులి సంతలో చింతపండూ పసుపూ అమ్మిన చెయ్యి, ఇంగ్లీషు రాదు గానీ ఇంగ్లీషు అంకెలు బేరాల్లో నలిగి వచ్చేశాయి. మనవడు రాత్రీ పగలూ విమానాలు దిగే వీడియోలే పెడతాడు. దిగేటప్పుడు నేలకి ఇంకెంత ఎత్తుందో విమానమే పైకి చదువుతుంది కదా, ఫిఫ్టీ, ఫార్టీ, థర్టీ, ట్వెంటీ అని. పక్క గదిలో మంచం మీంచి అత్త వింటోంది. మూడు రోజులు విని నాలుగో రోజు లేచొచ్చింది. "ఎవుడ్రా ఆడు, ఏబైకాడ మొదలెట్టి ఇరవైకి దిగిపోతన్నాడు, సరుకు పుచ్చిపోనాదేటి?" అంది. వాడు పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆవిడ అడిగింది బీమా ప్రశ్న.

నా వృత్తిధర్మంగా ఒక సూచన చేస్తున్నాను, సంబంధితులు పరిశీలించగలరు. పాలసీ ప్రొపోజల్ ఫారంలో, మీరు టికెట్ కొన్న ప్రయాణికుడిగా కాకుండా వేరే విధంగా ఎగురుతారా అని అడగడం పాత అలవాటు. దాని కింద ఇంకో గడి పెట్టాలి, మిమ్మల్ని ఎగరేసే వ్యక్తికి ఫాలోవర్లు ఎంతమంది అని. వెయ్యి లోపు అయితే మామూలు ప్రీమియం. లక్ష దాటితే డాక్టరు సర్టిఫికెట్టు. నీలం టిక్కు ఉంటే నామినీ పేరు పెద్దక్షరాల్లో రాయాలి. అలాగే ఎక్కగానే చేసే ప్రకటనలో కూడా మార్పు అవసరం. మీ కెప్టెన్ ఫలానా, ఎత్తు ఇన్ని వేల అడుగులు అని ఊరుకోకుండా, ఈ నెల ఆయన రీచ్ ఇంత, కిందటి నెల కన్నా తగ్గింది, దయచేసి అందరూ బెల్టులు బిగించుకోండి అని కూడా చెప్పాలి. రీచ్ తగ్గిన మనిషి ఏం చేస్తాడో చెప్పలేం కదా.

ఇంత మాట్లాడుతున్నావు, నువ్వెప్పుడైనా పైలట్‌ని దగ్గర్నించి చూశావా అంటే చూశాను. 2022 అక్టోబరు ఆఖర్న మా ఎయిర్‌స్ట్రిప్ నుంచి, చిన్న ఊళ్లకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద చిన్న విమానం మొదలైంది, తొమ్మిది సీట్లు, ముందర ఒకటే ఇంజను. వైజాగ్‌కి రోడ్డు మీద సుంకి, సాలూరు మీదుగా ఆరు గంటలు ఊగుతూ పోయేవాళ్లం గంటలోపే పోవచ్చన్నారు, ఒకసారి నేనూ ఎక్కాను. మొదటిసారి బుక్ చేస్తే కొండల మీద మబ్బని ఆపేశారు, రెండోసారి ఎగిరింది. ఎక్కి చూస్తే తలుపు లేదు! నేను ముందు వరసలో పడ్డాను, చెయ్యి చాపితే పైలట్ భుజం తగులుతుంది. నాలుగు లక్షల మంది ఫోన్లో చూసేది నాకు ప్రత్యక్ష దర్శనం. మరి ఊరుకుంటానా, ఇన్ని వాక్యాలు రాసిన మనిషిని, సీట్లో సర్దుకుని ఫోన్ తీసి వీడియో ఆన్ చేశాను.

పైలటు చొక్కా కాలరు ఒక పక్క కాస్త అరిగిపోయి ఉంది. మెడ వెనక చెమట. ఇద్దరూ ఒక కాగితం చూసుకుంటూ ఒకరు చదవడం ఇంకొకరు ముట్టుకుని అవుననడం, మళ్లీ చదవడం మళ్లీ అవుననడం, మా పెళ్లిలో పురోహితుడూ నేనూ కూడా ఇంత శ్రద్ధగా చెయ్యలేదు. గాల్లోకి లేచాక కొలాబ్ జలాశయం నీళ్లు ఒక పక్క, ఎటో దేవమాలి వైపు కొండల మీద తెల్లటి మబ్బు. చిన్న కుదుపొచ్చింది, నా చెయ్యి ఊగింది, వీడియోలో కూడా ఊగింది. ఆయన మాత్రం వెనక్కి తిరగలేదు, నవ్వలేదు, బొటనవేలు ఎత్తి చూపించలేదు. వైజాగ్ దగ్గర పడుతుంటే ఇక్కడ ఫొటోలు తీయకూడదన్నారు, అది నేవీ వాళ్ల స్థావరం, ఐఎన్ఎస్ డేగా. ఫోన్ జేబులో పెట్టేశాను. కాబట్టి నా రీలులో దిగడం లేదు, ఏబై నలబై ముప్పై లేదు.

పాట పెట్టి అప్‌లోడ్ చేశాను. ఇప్పటికి 11 వ్యూస్, అందులో నాలుగు నావే. బామ్మర్ది కొడుకు చూసి, మావయ్యా, ఫేస్ రివీల్ లేకుండా ఎవడు చూస్తాడు అన్నాడు.

అత్త మాత్రం ఫోన్ దగ్గరగా పట్టుకుని మొత్తం చూసింది.

"ఈడు ఎనక్కి తిరగడేటి బాబూ?"

"తోల్తున్నాడు కదత్తా."

"ఊఁ" అని ఇంకోసారి పెట్టమంది. లైకు కొట్టలేదు, అదెక్కడుంటుందో ఆవిడకి తెలీదు.