ఆటిజం ఉన్న పిల్లవాడి వైపు నుంచి కథ

ఆటిజం ఉన్న పాత్రలు బాలల కథల్లోకి వస్తే మిగతా పిల్లల్లో దయాగుణం పెరుగుతుందని బాలల కథల గురించి ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త రాశారు. ఆ కథలను ఆటిజం ఉన్న పిల్లలు కూడా చదువుతారన్న సంగతి వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. విజయనగరంలో పెరుగుతున్న మా తొమ్మిదేళ్ల అబ్బాయి, ఎవరైనా తనవైపు చూడాలనిపిస్తే, రైల్వే స్టేషన్లో విన్న గొంతుతోనే ‘దయచేసి వినండి’ అంటాడు. విన్న మాటను యథాతథంగా తిరిగి పలకడాన్ని ఎకోలాలియా అంటారు. చాలామంది దాన్ని అర్థంలేని వల్లింపుగా కొట్టిపారేస్తారు గానీ, వాడి నోట అది పిలుపే. నేను చదివిన కథల్లో ఇటువంటి పిల్లవాడు చివరి పేజీలో బాగైపోతాడు, లేదంటే లెక్కల్లో మేధావిగా తేలతాడు. ఆటిజం మందుతో నయమయ్యే జబ్బు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు డప్పుల మోతకు ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి సిరిమాను కనుమరుగయ్యేదాకా మావాడు కదలలేదు. ఆ మోత వాడికి ఎలా వినిపించిందో, అంత భరించి ఎందుకు చూశాడో వాడి వైపు నుంచి చెప్పే కథ కావాలి. అటువంటి కథ రాసేవారు ముందుగా ఆటిజం ఉన్న పెద్దలతో మాట్లాడాలని, అచ్చుకు పంపేముందు వారిచేత చదివించాలని నా విన్నపం.