ఇండెక్సులో దొరికింది పెళ్లి కాదు

మా పక్కింటి పెద్దావిడ పోయిన చలికాలం తన వంశవృక్షం ప్రింటు తీసి పట్టుకొచ్చింది. "ఇందులో ఏదో తేడాగా ఉంది, కాస్త చూసి పెట్టు" అంది. వాళ్ల ముత్తాతకి 1898లో లండన్‌లోని లాంబెత్‌లో పెళ్లయింది. చెట్టులో భార్య పేరు ఆలిస్ అని ఉంది. 1901 జనాభా లెక్కల్లో మాత్రం అదే ఇంట్లో భార్యగా ఎలెన్ ఉంది. మూడేళ్లలో ఆలిస్ పోయిందా, ముత్తాత మళ్లీ పెళ్లాడాడా అని ఆవిడ బెంగ.

ఆలిస్‌కి ఏమీ కాలేదు. ఆవిడ వేరే ఆయన భార్య, అంతే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1837 జులై 1 నుంచి పెళ్లిళ్లు ప్రభుత్వ లెక్కలోకి వచ్చాయి. మూడు నెలలకోసారి చర్చిల నుంచి, రిజిస్ట్రార్ల నుంచి నకళ్లు పైకి వెళ్లేవి. ఆ నకళ్లలోంచి గుమాస్తాలు అక్షరక్రమంలో పేర్ల పట్టీ రాశారు. అదే ఇండెక్సు. అందులో ఒక మనిషి పేరు, జిల్లా, సంపుటం, పేజీ నంబరు ఉంటాయి. ఎవరిని చేసుకున్నారో ఉండదు. జీవిత భాగస్వామి ఇంటిపేరు పక్కన వేయడం 1912లోగానీ మొదలుకాలేదు.

అంతకుముందు జరిగిన పెళ్లి వివరం కావాలంటే అదే పేజీ నంబరు ఇంకెవరికుందో వెతకాలి. 1898 నాటికి పేజీకి మామూలుగా రెండు పెళ్లిళ్లు, అంటే నాలుగు పేర్లు. ఇద్దరు పెళ్లికొడుకులు, ఇద్దరు పెళ్లికూతుళ్లు. ఎవరికెవరో ఇండెక్సు చెప్పదు. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లవుతుంటే గుమ్మం దగ్గర బోర్డు చూసి జంటలు కలిపేసినట్టు, ఆ చెట్టు వేసినవాళ్లెవరో ముందు కనబడ్డ ఆడపేరుని ముత్తాత పక్కన కూర్చోబెట్టేశారు.

పెళ్లి సర్టిఫికెట్ తెప్పించాక సంగతి తేలింది. ఎలెన్ అప్పటికే వితంతువు. ఇండెక్సులో మొదటి భర్త ఇంటిపేరుతో ఉంది. పుట్టింటి పేరుతో వెతికినవాళ్లకి ఆవిడ ఎలా దొరుకుతుంది?

నా ఫిర్యాదు ఇండెక్సు మీద కాదు. 1998 నుంచి ఆ పాత పట్టీలని వాలంటీర్లు ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ అది నకలుకి పట్టీ, ఆ పట్టీకి మళ్లీ నకలు. దాన్ని చిరునామాగా వాడుకుని తలుపు దాకా వెళ్లాలి. మనం వీధి పేరు చూసి ఇంట్లో భోంచేసొచ్చామంటున్నాం. "జూన్ క్వార్టర్" (జూన్‌తో ముగిసే మూడు నెలలు) అని ఉంటే జూన్‌లో పెళ్లని రాసేస్తాం. అది ఏప్రిల్ కావచ్చు, మే కావచ్చు. జిల్లా పేరు చూసి అదే వాళ్ల ఊరంటాం. సర్టిఫికెట్‌కి నాలుగు డబ్బులు ఖర్చు పెట్టమంటే మాత్రం చేతులు రావు.

పాత సర్టిఫికెట్ కూడా అంతా చెప్పదనుకోండి. వయసు దగ్గర చాలాచోట్ల "ఫుల్ ఏజ్" అని ఊరుకుంటుంది, అంటే ఇరవై ఒకటి దాటిందని. తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. తల్లుల పేర్లు ఎప్పుడు చేరాయో తెలుసా? 2021 మే 4న! మన శుభలేఖల్లో నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా ఎప్పటినుంచో ఉన్నారు.

ఇదంతా తెల్లవాళ్ల గొడవ, మనకెందుకంటారా? ఇక్కడ ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో చాలామందికి పెళ్లి గుంటూరులోనో కరీంనగర్‌లోనో అయింది. ఆ పెళ్లి ఇక్కడి ఇండెక్సులో ఉండదు. రేపు మనవలు వెతికి, దొరక్కపోతే ఏమనుకుంటారు? ఇక్కడ పెళ్లాడినవాళ్లది ఇంకో తమాషా. గుళ్లో ముహూర్తానికి తాళి కట్టినా, చట్టం కోసం ముందో వెనకో రిజిస్టర్ ఆఫీసుకి వెళ్లి సంతకాలు పెట్టినవాళ్లున్నారు. ఇండెక్సుకి ఆ సంతకాల రోజే తెలుసు. ఇక ఇంటిపేర్లు! పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒకరికి ఇంటిపేరు, ఇంకొకరికి నాన్న పేరు, మరొకరికి సొంత పేరే ఉంటుంది. అన్నదమ్ములు ఇండెక్సులో వేర్వేరు అక్షరాల కింద తేలతారు.

ఇక్కడి మన తెలుగు సంఘం డైరెక్టరీలో ఫోన్ నంబర్ల పక్కన పెళ్లి వివరాలకీ ఒక గడి పెట్టాలని కమిటీని అడుగుతున్నాను. ముహూర్తం ఎప్పుడు, ఎక్కడ. రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఏ పేర్లతో. ఇద్దరి పుట్టింటి పేర్లు, తల్లుల పేర్లు. పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే అడిగి రాసుకోవాలి.

మా సంగతే చూడండి. 1999 డిసెంబరులో రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు, 2000 ఫిబ్రవరిలో మాఘమాసం ముహూర్తం. రిజిస్టర్‌లో మా ఆవిడకి వాళ్ల నాన్న పేరు ఇంటిపేరైంది. శుభలేఖలో చి.ల.సౌ. అంటూ పేరొక్కటే ఉంది. ముందు ముందు ఎవరో ఒకరు నాకు ఇద్దరు పెళ్లాలని తేల్చేయడం ఖాయం. అందుకే పోయిన ఆదివారం సర్టిఫికెట్, శుభలేఖ ఒకే కవర్లో పెట్టి, పైన "ఇద్దరూ ఒకరే" అని రాశాను. మా ఆవిడ చదివి, కింద వాళ్లమ్మ పేరు కూడా రాసింది.